రెడీమేడ్ ప్రాజెక్టు కొనేముందు రేగడి మట్టి వంక చూడండి

ఫైనల్ ఇయర్‌లో ఉన్నారా? అయితే ఈపాటికి మీ క్లాసులో సగం మంది ప్రాజెక్టు టైటిల్ ఖాయం చేసుకునే ఉంటారు. 'మెషిన్ లెర్నింగ్‌తో పంట దిగుబడి అంచనా', 'ఆకు ఫొటోతో తెగులు గుర్తింపు', 'ఐఓటీతో స్మార్ట్ ఇరిగేషన్'... ఏ కాలేజీ నోటీసు బోర్డు చూసినా ఇవే. కోడు, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి అమ్మే సెంటర్లు గుంటూరు బ్రాడీపేటలోనూ ఉన్నాయి, హైదరాబాద్ అమీర్‌పేటలోనూ ఉన్నాయి. డబ్బులు కట్టామా, వైవాలో నాలుగు ముక్కలు చెప్పామా, అయిపోయింది.

చిక్కు ఇంటర్వ్యూలో మొదలవుతుంది. అవతలాయన మీ మోడల్ ఆక్యురసీ ఎంత అని అడిగితే 94 శాతం అని చెప్పేస్తారు. 'సరే, డేటా ఎక్కడిది?' అని అడిగితే? 'నెట్‌లోది సార్' అంటారు. ఆ మట్టి ఏ ఊరిదో, ఎవరు తవ్వారో, ఏ నెలలో తీశారో ఏదీ తెలియదు. మిర్చి, పత్తి పండే నేల మీద పుట్టి పెరిగి, ఎక్కడో ఎవరో ఏరిన మట్టి లెక్కలతో పంట జోస్యం చెప్పడం నాకైతే విడ్డూరంగానే కనిపిస్తుంది.

ఇందుకు బదులు మీకో సబ్జెక్టు చూపిస్తాను. దీని పేరు విన్నవాళ్లు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. మట్టికి ఎంత అయస్కాంత గుణం ఉందో కొలిచి, దాని నుంచి ఆ నేల పుట్టుక, అప్పటి వానలు, గాలులు ఊహించే శాస్త్రం ఇది. ఇంగ్లిష్‌లో ఎన్విరాన్‌మెంటల్ మ్యాగ్నెటిజం అంటారు.

చిన్నప్పుడు పగిలిన స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడబీకి ఇసుకలో తిప్పే ఉంటారు. నల్లటి నూగు మీసాల్లా అంటుకునేది కదా, అందులో ఎక్కువ భాగం మ్యాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. సూర్యలంక బీచ్‌లోనో చీరాల ఓడరేవులోనో అలలు వదిలిన నల్ల చారల మీద తిప్పితే ఇంకా బాగా అంటుకుంటుంది. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో ఇదే ఖనిజం రాయి రూపంలో ఉంది. చేలోని మట్టిలోనూ ఉంటుంది. కాకపోతే ఎంత సన్నగా, ఎంత తక్కువగా ఉంటుందంటే, చేతిలోని అయస్కాంతానికి చిక్కదు. కాయిల్ పెట్టి కొలవాల్సిందే. ఆ కొలతనే అయస్కాంత ససెప్టిబిలిటీ అంటారు. బయట నుంచి కొద్దిపాటి అయస్కాంత క్షేత్రం పెడితే ఆ పదార్థం ఎంత మేరకు స్పందిస్తుందో చెప్పే అంకె అది.

దీన్ని ప్రపంచం సీరియస్‌గా తీసుకున్నది చైనాలో. అక్కడి లోయెస్ పీఠభూమి మీద ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చిన సన్నని దుమ్ము దాదాపు 26 లక్షల ఏళ్లుగా పేరుకుంటూ వచ్చింది. కొన్ని చోట్ల దాని మందం 100 మీటర్లు దాటుతుంది. చలి, పొడి కాలాల్లో దుమ్ము ఎక్కువగా పడింది. వానలు బాగా పడిన కాలాల్లో ఆ దుమ్ము మీద గడ్డి మొలిచి, అది నేలగా మారింది. తర్వాత దాన్ని మళ్లీ దుమ్ము కప్పేసింది. కేకులో పొరల్లా ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఫ్రెడరిక్ హెల్లర్, లియు తుంగ్‌షెంగ్ అనే ఇద్దరు 1982లో 'నేచర్' పత్రికలో ఈ పొరల అయస్కాంత రికార్డును ప్రచురించారు. భూమి ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైంది సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందట. ఆ గుర్తు కూడా ఈ దుమ్ములో దొరికింది. దాంతో ఏ పొర ఎప్పటిదో తేల్చగలిగారు.

అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకోటి ఉంది. వట్టి దుమ్ము పొరల్లో ససెప్టిబిలిటీ తక్కువ. పాత నేల పొరల్లో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం ఏమిటంటే, నేల తడిసి ఆరి, మళ్లీ తడిసి ఆరుతుంటే అందులోని ఇనుము కొంత కరిగి, మళ్లీ గట్టిపడుతుంది. తడిలో గాలి ఆడనప్పుడు బ్యాక్టీరియా ఇనుమును కరిగే రూపంలోకి మారుస్తాయి. ఆరినప్పుడు అదే ఇనుము మ్యాగ్నెటైట్, మ్యాగ్‌హెమైట్ అనే అతి సన్నని రేణువులుగా పేరుకుంటుంది. వాటి సైజు ఏ 20 నానోమీటర్లో, అంతకు అటూ ఇటూనో. అంటే వాన ఎక్కువైతే రేణువులు ఎక్కువ, రేణువులు ఎక్కువైతే అయస్కాంత గుణం ఎక్కువ. 1990ల్లో బార్బరా మాహర్, రాయ్ థాంప్సన్ ఈ సూత్రంతోనే వేల ఏళ్ల కిందటి చైనా వర్షపాతాన్ని లెక్క కట్టారు. ఒక కాయిల్, ఒక అంకె, వేల ఏళ్ల రుతుపవనాల చరిత్ర. వింటుంటే మన మెషిన్ లెర్నింగ్ వాళ్లకు నోరూరుతుంది కదా. ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్, మధ్యలో తిన్నని గీత.

ఇక్కడే ఆగండి. ఇదే సూత్రాన్ని అలాస్కాకు, సైబీరియాకు పట్టుకెళ్తే తిరగబడింది. అక్కడ గాలి దుమ్ములో అయస్కాంత గుణం ఎక్కువ, పాత నేలల్లో తక్కువ. బలమైన గాలులు బరువైన మ్యాగ్నెటైట్ రేణువులను కూడా మోసుకొచ్చాయి కాబట్టి దుమ్ములో ఎక్కువ. నేల నీరు నిలిచి చిత్తడిగా ఉండిపోయింది కాబట్టి, ఉన్న మ్యాగ్నెటైట్ కూడా కరిగిపోయి నేలలో తక్కువ. మీటరు అదే, యూనిట్లు అవే, అర్థం మాత్రం ఉల్టా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గుంటూరు, పల్నాడు, ప్రకాశంలో లోయెస్ లేదు. మన దేశంలో అలాంటి దుమ్ము పొరలు చూడాలంటే కశ్మీర్ కరేవాలకు వెళ్లాలి. అంతమాత్రాన గాలి మోసుకొచ్చిన మట్టికీ మనకూ సంబంధం లేదనుకోవద్దు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర ఒకటి ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలితే, 2,500 కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి వచ్చి పడిన బూడిద అది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లను గుర్తించింది. ఆ పేపర్ 2007లో 'సైన్స్'లో వచ్చింది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా సముద్రం, గాలి, వాన కలిసి లక్షణంగా మలిచినవే. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఇక ప్రకాశం జిల్లా సంగతి. 2024లో బరోడా ఎంఎస్ యూనివర్సిటీ పురావస్తు బృందం అక్కడి మట్టి పొరల్లో 41 వేల ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు కనిపెట్టింది. ఉష్ట్రపక్షి అండీ, మన ప్రకాశంలో! అంటే ఈ మట్టిలో కథలకు కొదవ లేదు, చదివేవాళ్లే కావాలి.

మరి మన నల్లరేగడి మీద ఆ చైనా సూత్రం పనిచేస్తుందా? అలాగే తెచ్చి పెడితే పనిచేయదు. ఎందుకో మీ నాన్నగారినో, ఊళ్లో ఏ పెద్దాయననో అడిగితే సగం చెప్పేస్తారు. రేగడి ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది. పై మట్టి ఆ నెర్రెల్లో పడిపోతుంది. తొలకరి పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది. లోపల పడ్డ మట్టికి చోటు చాలక పక్కకూ పైకీ తోసుకొస్తుంది. స్మెక్టైట్ జాతి బంకమట్టి గుణం అది. అందుకే రేగడి తనను తాను దున్నుకుంటుందని మనవాళ్లు అంటారు. పొరలు పొరలుగా చరిత్ర రాసుకునే చైనా దుమ్ము ఎక్కడ, ఏటా పేజీలు కలిపేసుకునే మన రేగడి ఎక్కడ? పైగా వర్షాకాలంలో పల్లపు చేలల్లో నీరు నిలుస్తుంది. అప్పుడు మ్యాగ్నెటైట్ పుట్టే అవకాశం కన్నా కరిగిపోయే అవకాశమే ఎక్కువ. అది అలాస్కా కథ, మిర్చి చేలో.

దానికి తోడు మాతృశిల గోల. కృష్ణా నది పుట్టేది మహాబలేశ్వర్ దగ్గర, దక్కన్ ట్రాప్ బసాల్ట్ రాళ్ల మీద. ఆ రాళ్లలో ఇనుప, టైటానియం ఖనిజాలు దండిగా ఉంటాయి. ఆ ఒండ్రు తెనాలి, రేపల్లె వైపు పొలాల్లోకి చేరింది. అదే ప్రకాశం మెట్టలోని ఎర్ర నేలలు చాలావరకు అక్కడి గ్రానైట్, నైస్ రాళ్లు చివికి ఏర్పడినవి. కాబట్టి తెనాలి మట్టి మీటరు మీద ఎక్కువ చూపిస్తే అక్కడ వాన ఎక్కువ పడిందని కాదు, తాతల నాటి రాయి అలాంటిదని. రంగు చూసి కూడా మోసపోకండి. ఎర్ర మట్టికి ఆ ఎరుపు హెమటైట్ వల్ల వస్తుంది, దాని అయస్కాంత గుణం మ్యాగ్నెటైట్ ముందు దిగదుడుపే. నల్లరేగడి నలుపు మ్యాగ్నెటైట్ వల్ల వచ్చిందీ కాదు.

ఇక మనుషులు చేసే గందరగోళం చూడండి. నిప్పు తగిలిన మట్టికి అయస్కాంత గుణం పెరుగుతుంది. పై మట్టికి అడుగు మట్టి కన్నా ఈ గుణం ఎందుకు ఎక్కువో పరిశీలిస్తూ ఫ్రెంచ్ శాస్త్రవేత్త లె బోర్న్ 1950ల్లోనే ఈ మాట చెప్పాడు. మరి మన దగ్గర పత్తి కట్టె, మిరప కట్టె ఎక్కడ కుప్పవేస్తారు, ఎక్కడ తగలబెడతారు? చేలోనే. ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ల చుట్టూ మట్టి ఎన్నేళ్లుగా కాలుతోంది? వేసవిలో చెరువు మట్టి ట్రాక్టర్లతో తోలి చేలో పరుస్తారు కదా, అప్పుడు మీ చేతిలో ఉన్న పై మట్టి ఆ చేనిదేనా, చెరువుదా? థర్మల్ కేంద్రం పొగగొట్టం నుంచి లేచే బూడిదలో కూడా గుండ్రటి ఇనుప రేణువులు ఉంటాయి. అది ఈ కాలపు గాలి దుమ్ము అన్నమాట. ఇవేవీ రాసుకోకుండా మట్టి తెచ్చి, మీటరు మీద పెట్టి, పైథాన్‌లో గీత గీస్తే గీత వస్తుంది. గీతదేముంది, ఎప్పుడూ వస్తుంది.

నా వాదన ఇదే. డేటా ఉద్యోగం అంటే లైబ్రరీ ఇంపోర్ట్ చేసి ఫిట్ కొట్టడం కాదు. ఆ మాత్రం పని ఇప్పుడు ఏఐ టూల్ మీకన్నా వేగంగా చేసి పెడుతుంది. ఈ అంకె ఇక్కడ నాకు ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని అడగగలిగిన మనిషి కావాలి. గుంటూరు పిల్లలకు ఆ ప్రశ్న నేర్చుకోవడానికి కావలసిన మట్టి పాదాల కిందే ఉంది. కంపెనీలకు మట్టి అయస్కాంతం అక్కర్లేదు కదా అంటారేమో, నిజమే. కానీ సెన్సర్ తయారు చేసి, క్యాలిబ్రేట్ చేసి, పొలంలో శాంపిల్ తీసి, తప్పుడు సిగ్నల్‌ను పట్టుకుని, చివరికి 'ఈ పద్ధతి ఇక్కడ ఇంతవరకే పనిచేస్తుంది' అని రిపోర్టులో రాసిన కుర్రాడు, పెన్‌డ్రైవ్ కొన్న కుర్రాడు పక్కపక్కన కూర్చుంటే ఎవరిని తీసుకుంటారో మీకూ తెలుసు.

పరికరం ఖరీదు చూసి జంకకండి. ల్యాబుల్లో వాడే విదేశీ మీటరు స్టూడెంట్ కొనేది కాదు, కానీ దాని లోపల ఉన్నది ఈసీఈ వాళ్లు సెకండ్ ఇయర్‌లో చదివే ఎల్‌సీ ఆసిలేటరే. కాయిల్‌లో మట్టి డబ్బా పెడితే ఇండక్టెన్స్ పిసరంత పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ పిసరంత తగ్గుతుంది. ఎంత అనేది లెక్కేద్దాం. మట్టి ససెప్టిబిలిటీ ఎస్ఐ యూనిట్లలో లక్షకు 50 వంతులు అనుకోండి. కాయిల్ లోపలి చోటులో సగమే మట్టి నిండితే ఇండక్టెన్స్ లక్షకు సుమారు 25 వంతులు పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మార్పు దానిలో సగం. ఆసిలేటర్ 100 కిలోహెర్ట్జ్ మీద, అంటే లక్ష హెర్ట్జ్ మీద నడుస్తుంటే మార్పు సుమారు 12 హెర్ట్జ్. పది సెకన్లు లెక్కపెడితే మైక్రోకంట్రోలర్ పదో వంతు హెర్ట్జ్ దాకా చూపిస్తుంది. కాబట్టి దొరుకుతుంది.

అసలు శత్రువు వేడి. ఫ్యాన్ గాలి తగిలినా, చెయ్యి ఆనినా ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. అందుకే ఖాళీ కాయిల్ ఒకసారి, మట్టితో ఒకసారి, మళ్లీ ఖాళీగా ఒకసారి కొలిచి, ముందూ వెనకా సగటు తీసివేయాలి. కాయిల్‌కు ఇనుప కోర్ వద్దు, పీవీసీ గొట్టం చాలు. కెపాసిటర్ మామూలు సెరామిక్ కాకుండా, వేడికి విలువ మారని ఎన్‌పీజీరో రకం తీసుకోండి. మట్టిని నీడలో బాగా ఆరబెట్టి, చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో నలిపి, జల్లించి, తూచి డబ్బాలో నింపాలి. ఇనుప రోకలి ముట్టుకోకండి, దాని రజనే మీ రిజల్ట్ అయిపోతుంది. తడి మట్టి పెడితే నీటి ప్రభావం ఫ్రీక్వెన్సీలోకి దూరుతుంది.

క్యాలిబ్రేషన్‌కు ఏం చేయాలి? కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో మోర్ లవణం ఉంటుంది, ఇంటర్‌లో టైట్రేషన్ చేసిన లేతాకుపచ్చ స్ఫటికాలు గుర్తున్నాయా, అదే. దాని అయస్కాంత విలువ పుస్తకాల్లో ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర, మట్టి శాస్త్రజ్ఞులు వాడే యూనిట్లలో సుమారు 40. చైనా దుమ్ము పొరల విలువలు సాధారణంగా పదుల్లో, పాత నేలలవి వందల్లో ఉంటాయి కాబట్టి కొలబద్దగా ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్క హద్దు మాత్రం ముందే చెబుతున్నా. అతి సన్నని రేణువులు ఎన్ని ఉన్నాయో తెలియాలంటే రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర కొలిచి తేడా చూడాలి. ఆ తేడా మహా అయితే పది పదిహేను శాతం లోపు. ఇంటి కాయిల్‌తో దాన్ని నమ్మకంగా పట్టుకోవడం కష్టం. అంతవరకూ వెళ్లాలనుకుంటే నాలుగైదు శాంపిల్స్‌తో, రాసిపెట్టుకున్న ప్రశ్నతో హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐకో, నవీ ముంబైలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమ్యాగ్నెటిజమ్‌కో మీ గైడ్ ద్వారా మెయిల్ పెట్టండి. ఊరికే 'ఇంటర్న్‌షిప్ ఇవ్వండి సార్' అనే మెయిల్‌కూ, గ్రాఫు జత చేసిన మెయిల్‌కూ చాలా తేడా ఉంటుంది.

దగ్గరలోనే ఉన్న పెద్ద దిక్కును మన ఇంజినీర్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. లాంలో ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, రైతులు ఎల్‌సీఏ 334 అని నంబరుతో పిలుచుకునే మిరప రకం ఆ లాం ఫారంలో పుట్టిందే. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి మట్టి శాస్త్రం వాళ్లకు నేల తెలుసు, మీకు సర్క్యూట్ తెలుసు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. అందులో ఇనుము కూడా ఉంది, కానీ అది మొక్కకు అందే ఇనుము. మీ కాయిల్ చూసేది వేరే ఇనుము. ఈ రెంటికీ మన నేలల్లో పొంతన ఉందా లేదా అన్నది ఒక బీటెక్ టీమ్ ఒక సెమిస్టర్‌లో చేయదగ్గ నిజాయితీ గల ప్రశ్న. లేదని తేలినా అది ఫలితమే. ప్రాజెక్టు ఫెయిలైనట్టు కాదు.

ఉద్యోగాల లెక్క కూడా సూటిగా చెప్పుకుందాం. జియలాజికల్ సర్వేలో జియోఫిజిసిస్ట్ పోస్టులకు యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. దానికి ఫిజిక్స్‌లోనో జియోఫిజిక్స్‌లోనో పీజీ కావాలి, వట్టి బీటెక్ సరిపోదు. బీఎస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లకు ఈ దారి మనవాళ్లు అనుకునేదానికన్నా దగ్గర. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో జియోఫిజిక్స్ పీజీ ఉంది. ఐఐటీల్లో కొన్నింటికి జామ్ రాసి వెళ్లొచ్చు. బీటెక్ వాళ్లు గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ రాయొచ్చు, కానీ తర్వాత ఏ కోర్సుకు ఏ డిగ్రీ ఒప్పుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకునే దిగండి. ఈ దారిలో పోస్టులు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. అందుకే అందరూ భూగర్భ శాస్త్రానికి మారిపోమని నేననడం లేదు. సాఫ్ట్‌వేర్‌కే వెళ్లండి, కానీ మీ చేతులతో కొలిచిన ఒక డేటాసెట్ పట్టుకుని వెళ్లండి.

శాంపిల్స్‌కు అదను మిర్చి కోతలు అయిపోయి, పత్తి కట్టె పీకేసిన వేసవే. నెర్రెలు కనిపిస్తాయి, చేను ఖాళీగా ఉంటుంది, రైతు కాదనడు. ముందు అడిగి దిగండి. పాత బావుల్లోకి మాత్రం దిగొద్దు, ఊటకుంటకో కాలువకో తవ్విన గట్టు అంచు దొరికితే పైనుంచి కిందికి పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ప్లాస్టిక్ గరిటెతో తీయండి. కవరు మీద నంబరు, లోతు, తేదీ రాయండి. ఆ పక్కనే రైతును అడిగి ఇంకో మూడు సంగతులు రాసుకోండి. ఈ చేలో కట్టె ఎక్కడ కాల్చారు, చెరువు మట్టి ఎప్పుడు తోలారు, వానాకాలంలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది. నెట్‌లో దొరికే ఏ డేటాసెట్‌లోనూ ఈ మూడు కాలమ్‌లు ఉండవు.